మత్తునిద్రను పరీక్షించిన వైద్యుడు : డాక్టర్ ఎడ్వర్డ్ లారీ

మానవుని ఆయుర్దాయంలో ఇంచుమించు మూడవ వంతు నిద్రలో గడచిపోతుంది. అయినప్పటికీ మేలుకొని చేసిన పనులకే చరిత్ర ఉన్నది గాని నిద్రకు చరిత్ర లేదు. ఈ విషయంలో భాష మాత్రం శాస్త్రం కంటె ముందే మేలుకొన్నది. తూగు, జోగు, కునుకు, మగత, కలతనిద్ర, గాఢనిద్ర అని తెలుగువాడు ఏనాడో వేరువేరు పేర్లు పెట్టుకొన్నాడు. ఉర్దూలో నీంద్ వేరు, గునూదగీ వేరు, బేహోషీ వేరు. ఊర్మిళాదేవి నిద్రను మన ఆడపడుచులు పాటగా పాడుకొన్నారు. కుంభకర్ణుని గురకను చెప్పుకొని పిల్లలను నవ్వించారు. మరి మందు పీల్చగా వచ్చిన నిద్ర ఏ కోవకు చెందుతుంది? అది నిద్రయేనా, లేక మృత్యువు గడపలో కొంతసేపు కూర్చుండి తిరిగి రావడమా? ఈ ప్రశ్నకు సమాధానం కోరి 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదు నగరంలో కొన్ని పరీక్షలు జరిగాయి. వాటిని లండను వైద్యులు సైతం ఆసక్తితో గమనించారు. ఆ పరీక్షలకు మూలపురుషుడు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ.

మన పాలమూరు విద్యార్థులకు ఈ కథ దూరపుది కాదు. ఆ పరీక్షలకు ధనమిచ్చిన ప్రభువు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఆయన పేరుమీదనే 1890లో మన జిల్లాకు మహబూబ్‌నగర్ అనే పేరు వచ్చింది. అంతకు ముందు అది నాగర్‌కర్నూలు జిల్లా. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం ప్రభుత్వానికి ఏటేటా పేష్కష్ చెల్లిస్తుండేవి. కనుక లండనుకు వెళ్ళిన ఆ సొమ్ము వెలువడిన ఖజానాలో మన నల్లరేగడి నేలల పంట కూడా కొంత కలిసి ఉన్నదనుకోవడంలో తప్పు లేదు.

లారీ జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే క్లోరోఫాం కథ కొంత తెలియాలి. మత్తుమందులు రాకముందు శస్త్రచికిత్స అంటే రోగిని నలుగురు బలవంతులు పట్టుకోవడం, వైద్యుడు ఎంత త్వరగా కోయగలిగితే అంత సమర్థుడనిపించుకోవడం. 1847 నవంబరు 4వ తేదీ రాత్రి స్కాట్లండులోని ఎడిన్‌బరోలో సింప్సన్ అనే వైద్యుడు తన ఇంటి భోజనశాలలో మిత్రులతో కూర్చుండి క్లోరోఫాం పీల్చి చూశాడు. కొద్దిసేపటికి ముగ్గురూ బల్ల కింద పడి ఉన్నారు. కొన్నాళ్ళలోనే ఆ మందు ఐరోపా అంతటా వ్యాపించింది. అయితే మూడు నెలలు కూడా గడవకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో న్యూకాసిల్ సమీపాన హానా గ్రీనర్ అనే 15 ఏండ్ల బాలిక కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి రెండు మూడు నిమిషాలలో మరణించింది. గోరు తీయించుకోబోయి ప్రాణమే పోగొట్టుకొన్న ఆ బాలిక మరణం వైద్యలోకాన్ని కలవరపెట్టింది. ఆమె ఎందుకు చనిపోయింది? ఊపిరి ఆగి చనిపోయిందా, గుండె ఆగి చనిపోయిందా?

ఈ ఒక్క ప్రశ్న మీద వైద్యులు రెండు పక్షాలుగా చీలిపోయారు. జాన్ స్నో మొదలైన లండను వైద్యులు గుండెను శంకించారు. రోగి నాడి మీద వేలు ఉంచి కూర్చున్నారు. ఎడిన్‌బరో వైద్యులు అది వృథా ప్రయాస అన్నారు. వారిలో ప్రముఖుడైన సైమ్ తన శిష్యులకు నాడిని మరచిపొమ్మనీ, ఊపిరిని మాత్రమే కనిపెట్టి ఉండమనీ, గురక మొదలైన వెంటనే మందు ఆపి నాలుకను ముందుకు లాగమనీ నేర్పాడు.

ఆ సైమ్ శిష్యులలో ఒకడు లారీ. పందొమ్మిదవ శతాబ్దం నడుమ జన్మించి, ఎడిన్‌బరోలో వైద్యవిద్య పూర్తిచేసి, 1870లలో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి ఈ దేశానికి వచ్చాడు. లాహోరులో శస్త్రచికిత్స బోధించాడు. 1885లో హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా నియమితుడై, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికీ వైద్య పాఠశాలకూ పెద్దగా బాధ్యతలు స్వీకరించాడు. గురువు చెప్పిన మాటను శాస్త్రంగా గాక మంత్రోపదేశంగా స్వీకరించిన శిష్యుడు ఆయన. ఆయన బలమూ బలహీనతా రెండూ అందులోనే ఉన్నాయి.

ఆయన చేతికి వచ్చిన వైద్య పాఠశాల సామాన్యమైనది కాదు. 1846లో స్థాపితమైన ఆ పాఠశాలలో పాశ్చాత్య వైద్యాన్ని ఉర్దూలో బోధించేవారు. శరీరశాస్త్రాన్నీ శస్త్రచికిత్సనూ దేశభాషలో చెప్పవచ్చునని నాలుగు దశాబ్దాలపాటు నిరూపించిన సంస్థ అది. లారీ రోజులలో బోధన ఇంగ్లీషుకు మారింది. దానివలన మన విద్యార్థులకు ప్రపంచ పత్రికలు అందుబాటులోకి వచ్చిన మాట నిజమే. కాని ఆనాటి నుండి వైద్యుడు రోగితో ఒక భాషలోనూ, వైద్యునితో మరొక భాషలోనూ మాట్లాడడం అలవాటైపోయింది. ఉర్దూ, తెలుగు రెండూ చదువుకొనే మనవంటివారు దీనిని గురించి ఆలోచించదగును. మరొక మార్పు మాత్రం నిస్సందేహంగా మేలైనది. 1885లో లారీ ఆ పాఠశాల ద్వారాలను స్త్రీలకు తెరిచాడు. తొలి విద్యార్థినులలో పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. 1889లో హకీం పట్టా పొంది, క్లోరోఫాం ఇవ్వడంలో నేర్పరియై, మన దేశంలో మత్తుమందు వైద్యాన్ని చేపట్టిన మొదటి మహిళగా పేరు పొందింది. తరువాత పై చదువుల కోసం ఎడిన్‌బరో కూడా వెళ్ళి వచ్చింది.

హైదరాబాదులో లారీ వేలాది రోగులకు క్లోరోఫాం ఇప్పించాడు. గురువు చెప్పిన పద్ధతి పాటిస్తే ఎవరూ చనిపోరని ఆయన దృఢంగా వాదించేవాడు. దానిని నిరూపించడానికి 1888లో నిజాం ప్రభుత్వ సహాయంతో ఒక సంఘాన్ని ఏర్పరచాడు. అదే మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్. డాక్టర్ పాట్రిక్ హెహిర్ మొదలైనవారు అందులో సభ్యులు. నూటికి పైగా వీధికుక్కలకు ఈ మందు పీల్పించి, ఊపిరి ముందు ఆగుతుందా గుండె ముందు ఆగుతుందా అని పరిశీలించారు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగింది. ఆ తరువాత కూడా గుండె కొన్ని నిమిషాలు కొట్టుకొంటూనే ఉన్నది. ఆ మూగజీవుల ప్రాణాలు ఈ తర్కంలో లెక్కకు రాలేదు. నేటి నియమాల ప్రకారమైతే అట్టి పరీక్షలకు అనుమతి దొరకడం కష్టం.

లండనులోని లాన్సెట్ అనే వైద్య పత్రిక ఈ ఫలితాలను నమ్మలేదు. ఎక్కడో హైదరాబాదులో కుక్కల మీద చేసిన పరీక్ష ఐరోపా శాస్త్రజ్ఞుల అభిప్రాయాన్ని తలక్రిందులు చేయడమేమిటని వారి సందేహం. లారీ వెనుకకు తగ్గలేదు. నిజాం ప్రభువుల చేత 1000 పౌన్లు ఇప్పించి, ఆ పత్రికకు నచ్చిన శాస్త్రజ్ఞుని ఒకరిని హైదరాబాదుకు పంపమని కోరాడు. ఇట్టి ఆహ్వానం వైద్యచరిత్రలో అరుదు. తనను విమర్శించిన వానికే ఖర్చు లిచ్చి, వచ్చి చూడమనడం సాహసమే.

లాన్సెట్ పంపిన వ్యక్తి సర్వసమర్థుడు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ మందును 1867లోనే కనుగొన్న లాడర్ బ్రంటన్ 1889 అక్టోబరులో హైదరాబాదు చేరాడు. క్లోరోఫాం గుండెను ఆపగలదన్న అభిప్రాయంతోనే ఆయన వచ్చాడు. బామ్‌ఫర్డ్, రుస్తుంజీ అనే వైద్యులు కూడ కలువగా రెండవ కమిషన్ పనిచేయడం ప్రారంభించింది. కుక్కలతో పాటు కోతులు, మేకలు, గుర్రాలు మొదలైన జంతువులు నాలుగు వందలకు పైగా ఆ బల్లమీదికి వచ్చాయి. తిరుగుతున్న కాగితం మీద రక్తపోటును గీతగా గీసే యంత్రాన్ని అమర్చారు. గీత తరువాత గీత, రోజు తరువాత రోజు, ఒకటే కథ: ఊపిరి ముందు, గుండె తరువాత. బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొని ఆ సంగతి లండనుకు తంతి ద్వారా తెలిపాడు. 1890 జనవరిలో లాన్సెట్ పత్రికలోనే ఆ నివేదిక వెలువడింది. లారీ జీవితంలో అది శిఖరం.

ఆ నివేదిక చివర వైద్యులకు కొన్ని సూచనలున్నాయి. రోగి మెడకూ రొమ్ముకూ బిగుతుగా బట్ట ఉండరాదు. ఊపిరిని మాత్రమే కనిపెట్టాలి. ఊపిరి తడబడితే కింది దవడను వెనుక నుండి ముందుకు తోయాలి. కింది పళ్ళు పై పళ్ళకు ముందుకు రావాలి. అప్పుడు గొంతులో వెనుకకు జారిన నాలుక లేచి దారి ఇస్తుంది. ఈ సూచనను పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనితో మనకు మళ్ళీ పని ఉన్నది. దానితో పాటు నాడిని చూడవలసిన పనియే లేదని కూడా ఆ నివేదిక చెప్పింది. లారీ పొరబడినది ఇక్కడ.

1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు క్లోరోఫాం గుండె మీద నేరుగా పనిచేస్తుందని చూపారు. లారీ అంగీకరించలేదు, పత్రికలలో ఘాటుగా జవాబులు వ్రాశాడు. ఇంగ్లండులోనూ ఇక్కడా క్లోరోఫాం మరణాలు ఆగలేదు. ప్రతి మరణానికీ ఆయన వద్ద ఒకే సమాధానం ఉండేది: మందు ఇచ్చినవాడికి ఊపిరి చూడడం చేతకాలేదు. తన నమ్మకానికి విరుద్ధంగా కనిపించిన ప్రతి సాక్ష్యాన్నీ సాక్షి తప్పుగా త్రోసివేసే స్వభావం ఎంతటి పండితునికైనా కీడే చేస్తుంది. ఆయనకు ఈ స్వభావం క్లోరోఫాం విషయానికే పరిమితం కాలేదు. 1890లలో సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమల కడుపులు కోసి మలేరియా రహస్యాన్ని వెదకుతున్నప్పుడు, కొద్ది మైళ్ళ దూరాననే ఉన్న లారీ మలేరియా సూక్ష్మజీవి అనేదే లేదని వాదిస్తూ వచ్చాడు. 1897 ఆగస్టు 20న రాస్ తన సూక్ష్మదర్శినిలో చూచినది నేడు ప్రపంచమంతా ఎరుగును.

అసలు కిటుకు 1911లో గాని తేలలేదు. గుడ్మన్ లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద పరీక్షలు చేసి, క్లోరోఫాం ఎక్కువగా ఇచ్చినప్పుడు కాక తక్కువగా ఇచ్చినప్పుడే గుండె హఠాత్తుగా ఆగిపోవచ్చునని నిరూపించాడు. రోగి పూర్తిగా మత్తులోకి జారక, భయంతో పెనగులాడుతున్నప్పుడు శరీరంలో అడ్రినలిన్ అనే రసం పొంగుతుంది. క్లోరోఫాం చేత అప్పటికే చికాకు పడిన గుండె ఆ తాకిడికి లయ తప్పి, కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది. వణికే గుండె రక్తాన్ని తోయలేదు. హానా గ్రీనర్ వంటివారు మందు మొదలుపెట్టిన రెండు మూడు నిమిషాలలోనే, చిన్న చిన్న చికిత్సలకు, భయపడుతూ చనిపోవడానికి ఇదే కారణమని నేటి వైద్యులలో పలువురు భావిస్తారు. హైదరాబాదు పరీక్షలలో జంతువులను లోతైన మత్తులోకి తీసుకువెళ్ళారు. లోతైన మత్తులో ఊపిరి ముందు ఆగడం సహజమే. లారీ చూచినది సత్యమే, కాని అది లోతున ఉన్న సత్యం. ప్రమాదం చాలసార్లు గట్టు దగ్గరనే పొంచి ఉండెను. లారీ 1901లోనే పదవీ విరమణ చేసి స్వదేశం చేరాడు. 1915లో మరణించాడు.

ఆయన కథ ఇంతటితో ముగిసి ఉంటే అది వైద్యచరిత్రకారులకు మాత్రమే పనికివచ్చేది. కాని హైదరాబాదు బల్లమీద ఆయన గమనించిన గొంతు, నాలుక, గురక మరొక దారిన తిరిగి వచ్చాయి.

ఆయన మరణించిన రెండేండ్లకు, 1917లో, వియన్నా నగరంలో వాన్ ఎకనామో అనే వైద్యుడు ఒక వింత జబ్బును వర్ణించాడు. ఆ జబ్బు సోకిన వారిలో కొందరు వారాల తరబడి నిద్రపోయేవారు; మరికొందరికి కంటిమీద కునుకే లేదు. మరణించిన వారి మెదళ్ళను పరిశీలించి, మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ అనే భాగంలో ముందువైపు చెడితే నిద్ర పోతుందనీ, వెనుకవైపు చెడితే మెలకువ పోతుందనీ ఆయన ఊహించాడు. ఆ ఊహ నిజమని తరువాతి పరిశోధనలు చూపాయి. నిద్ర అంటే దీపం ఆరిపోవడం కాదు. మెదడు పూనుకొని చేసే పని. మత్తుమందు అట్లు కాదు, అది ఆ పనిచేసేవారినే మాన్పిస్తుంది. నిద్రపోతున్నవానిని తట్టి లేపవచ్చు; క్లోరోఫాం పీల్చినవానిని లేపలేము. ఉర్దూవారు నీంద్‌నూ బేహోషీనీ వేరుచేసి సరిగానే చెప్పారు.

అయితే ఈ రెంటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉన్నది. మేలుకొని ఉన్నంతసేపూ మన మెదడు నాలుక కండరాన్నీ గొంతు కండరాలనూ బిగువుగా పట్టి ఉంచుతుంది. నిద్రలో ఆ పట్టు సడలుతుంది. కలలు కనే దశలో మరీ సడలుతుంది. ఊబకాయులకు, కింది దవడ చిన్నదిగా ఉన్నవారికి, గొంతు ఇరుకైనవారికి అప్పుడు నాలుక వెనుకకు జారి దారి మూసుకొంటుంది. రొమ్ము ఎగిసిపడుతూనే ఉంటుంది గాని గాలి లోపలికి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు వాయువు పెరిగేసరికి మెదడు ఉలికిపడి క్షణకాలం మేలుకొంటుంది. ఒక పెద్ద గురకతో గాలి దూసుకుపోతుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత. పది సెకండ్లకు తగ్గకుండా ఊపిరి ఆగడం లేదా బాగా తగ్గడం గంటకు అయిదుసార్లు జరిగితే వైద్యులు దానిని జబ్బుగా పరిగణిస్తారు. ముప్పై దాటితే తీవ్రమైనది. తీవ్రమైన రోగి రాత్రికి కొన్ని వందలసార్లు మేలుకొంటాడు. తెల్లవారి ఒక్కటీ గుర్తుండదు. నిద్రలో శ్వాసభంగమనదగిన ఈ వ్యాధిని 1965లో ఫ్రాన్సు, జర్మనీ వైద్యులు స్పష్టంగా గుర్తించారు.

మన ఇండ్లలో గురక పెట్టేవానిని చూచి హాయిగా నిద్రపోతున్నాడంటాము. ఉర్దూలో ఖర్రాటే అని నవ్వుకొంటాము. నిజానికి వారిలో కొందరు రాత్రంతా ఉక్కిరిబిక్కిరి అవుతున్నారు. తెల్లవారి తలనొప్పి, పగలంతా తూగు, మతిమరుపు, చిరచిర, పనిలో పొరపాట్లు. ఇంటివారు సోమరి అంటారు. అధికారి బాధ్యత లేనివాడంటాడు. పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా కర్నూలు వైపు సాగే జాతీయ రహదారి మీద తెల్లవారుజామున సరకు బండి నడిపే డ్రైవరుకు ఈ జబ్బు ఉంటే, ఒక్క క్షణం కునుకు ఎన్ని కుటుంబాలను తాకుతుందో చెప్పనవసరం లేదు. రాత్రి ఊపిరి ఆగిన ప్రతిసారీ శరీరంలో అడ్రినలిన్ వంటి రసాలు పొంగుతాయి, రక్తపోటు ఎగబాకుతుంది, గుండె లయ చెదరుతుంది. ఏండ్లు గడిచేకొద్దీ రక్తపోటు పగటివేళ కూడ దిగిరాదు. లారీ ఊపిరి పక్షాన, ఆయన ప్రత్యర్థులు గుండె పక్షాన నిలబడి పాతికేండ్లు వాదించుకొన్నారు. ఈ రోగి శరీరంలో ఆ రెండు పక్షాలూ ఒకే రాత్రి ఒకదాని తరువాత ఒకటి నిజమవుతాయి.

చికిత్సలోనూ హైదరాబాదు జాడ కనిపిస్తుంది. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో కోలిన్ సలివన్ అనే వైద్యుడు ముక్కుకు తొడుగు అమర్చి, మెల్లని గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచే సాధనాన్ని ప్రవేశపెట్టాడు. నేడు వ్యాధి తీవ్రమైనవారికి అదే ముఖ్య చికిత్స. స్వల్పంగా ఉన్నవారికి పడుకొనేముందు పళ్ళకు తొడుగుకొనే ఒక అమరిక ఇస్తారు. అది కింది దవడను ముందుకు పట్టి ఉంచి, నాలుకను గొంతుకు అడ్డం పడనీయదు. 1890 నాటి నివేదికలో లారీ బృందం మత్తులో ఉన్న రోగికి చేతులతో చేయమన్న పనే ఇది. ఆ అమరికను తొడుగుకొనే వారిలో హైదరాబాదు పేరు విన్నవారు బహుశా తక్కువ. బరువు తగ్గడం, వెల్లకిల గాక పక్కకు తిరిగి పడుకోవడం, పడుకొనేముందు మద్యం మానడం కూడ వైద్యులు చెప్పేవే. ఇవి ఖర్చు లేనివి.

శస్త్రచికిత్సకు పోయేవారిని నేటి మత్తుమందు వైద్యుడు ముందుగా గురక సంగతి అడుగుతాడు. శ్వాసభంగం ఉన్నవాడు మత్తులో మరింత ప్రమాదానికి లోనవుతాడు. అతని గొంతుకు సహజనిద్రలో ఉండే ఉలికిపాటు కూడ అప్పుడు ఉండదు. రోగులు సిగ్గుపడి ఈ సంగతి దాచిపెట్టడం మంచిది కాదు; చాలమందికి తమ గురక తమకు తెలియదు గనుక ఇంటివారే చెప్పవలసి ఉంటుంది.

లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో దెబ్బతిన్నది. ఆ తరువాత నిర్మించిన ఉస్మానియా ఆసుపత్రి భవనం 1925లో పూర్తయింది. ఆయన నడిపిన వైద్య పాఠశాల నేటి ఉస్మానియా వైద్య కళాశాలగా పెరిగింది. నేడు శస్త్రచికిత్స బల్లమీద రోగి వేలికి ఒక చిన్న బిళ్ళ వంటిది తగిలిస్తారు. జపానులో టకువో అయోయాగి 1970లలో కనిపెట్టిన సూత్రంతో అది వేలి గుండా కాంతిని పంపి రక్తంలోని ప్రాణవాయువునూ నాడినీ ఒకేసారి లెక్కిస్తుంది. గురక రోగి నిద్రను పరీక్షించేటప్పుడు రాత్రంతా అతని వేలికి తగిలించి ఉంచేది కూడా ఆ బిళ్ళనే.